వెనక వరసకు కనబడుతోందా

నది ఒడ్డు దాటి వచ్చి బ్యాంకు మేడ రెండో అంతస్తు మెట్లెక్కిన వరద ఒకటుంది. ఆ ఊళ్లో అన్నిటికీ లెక్క దాని నుంచే. పిల్లల వయసులు, పెళ్లిళ్లు, తగాదాలు, అన్నీ. ఇది ఆ వరద వచ్చిన నాలుగో ఏడు జరిగింది.

ఆ ఏడే కుర్చీలాయన ఎడమచేతి వేళ్లు మూడు విరిగాయి. విరగ్గొట్టింది పరాయివాడు కాదు, తోడబుట్టిన అన్న.

కుర్చీలాయన అంటే పర్యాటక మండలి వారి సమావేశాల హాలులో కుర్చీలు వేసే మనిషి. వరదకు ముందు అతనిది పడవల యార్డు. అన్నతో కలిసి పాత పడవలు బాగుచేసేవాడు. చెక్కల సందుల్లో ఉలితో నార కూరి, పైన తారు పూయాలి. అదీ పని. వరదనాడు పైనుంచి కొట్టుకొచ్చిన దుంగ ఒకటి అతని మోకాలి మీద తగిలింది. కాలు పని చెయ్యక నీళ్లలో రెండుసార్లు మునిగి తేలాడు. మూడోసారి మునుగుతుంటే అన్న పడవలోంచి వంగి జుట్టు పట్టి లాగాడు. గుప్పెడు జుట్టు చర్మంతో సహా అన్న చేతిలోకి ఊడొచ్చింది. వెనకే మనిషీ వచ్చాడు. ఆ బోడిమచ్చ ఇప్పటికీ నడినెత్తిన అర్ధరూపాయంత ఉంది.

తర్వాత ఆ మోకాలు మళ్లీ వంగలేదు. పడవ పనంతా గొంతుక్కూర్చుని చేసేదే. హాలులో కుర్చీల పని ఉందంటే చేరాడు. వెళ్లేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకుంటే అన్న నవ్వాడు.

"ఇరవయ్యేళ్లు వంగి చేశావు. ఇక నిలబడి చెయ్యి. ఏడుస్తావేంరా? గోడ అవతలే కదా, ఏదో దేశాలు పోతున్నట్టు!"

నిజమే. హాలు వెనక కిటికీ తీస్తే యార్డే. పదహారు కుటుంబాలు కాపురముండే కొట్టాలు, బోర్లించిన పడవలు, తారు కాగే డ్రమ్ములు, అన్నీ కనబడతాయి.

అతనిది తక్కువ మాట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పది మాటలైతే ఆ రోజు ఎక్కువ మాట్లాడినట్టు. "మా మరిది నోట్లోంచి మాట రావాలంటే పట్టకారు పెట్టి లాగాలి" అనేది వదిన. పనిలో మాత్రం ఘటికుడు. టేపు ముట్టుకోడు. ఒక కుర్చీ వేస్తాడు, దాని వెనక ఇంకోటి వేస్తాడు, వెనకదానిలో కూర్చుని మోకాలికీ ముందు కుర్చీకీ నడుమ పిడికిలి పెట్టి చూస్తాడు. పిడికిలి పడితే వరస సరి. ఏ గది గుమ్మంలో నిలబెట్టినా, "నూట నలభై" అనో, "అరవై రెండు" అనో చెప్పేసేవాడు. మండలి ఇంజనీరు టేపు పట్టుకుని రెండు గంటలు కొలిచి అదే చెప్పేవాడు.

కుర్చీలన్నీ వేశాక ఇంకో పద్ధతి ఉంది. జనం కూర్చున్నాక, సభ మొదలయ్యే ముందు, వేదిక మీద నిలబడి అడుగుతాడు.

"వెనక వరసకు కనబడుతోందా? కనబడితే చెయ్యెత్తండి."

చెయ్యెత్తనివాళ్ల దగ్గరికి పోయి కుర్చీ జానెడు పక్కకు జరుపుతాడు. మళ్లీ అడుగుతాడు. అందరూ చెయ్యెత్తిందాకా సభ మొదలుకానివ్వడు. ఎంత పెద్దమనిషి మైకు ముందు దగ్గుతూ నిలబడినా సరే.

హాలులో పట్టేది మూడువందల ఇరవై. ఆ ఏడు డాక్టర్ల సభ ఒకటి తొమ్మిదివందల మందికి జాగా అడిగింది. లేదంటే వేరే ఊరు చూసుకుంది. వాళ్ల వెనకే ఇంజనీర్ల సభా పోయింది. హోటళ్లవాళ్లు మండలి మీద పడి కడిగేశారు. మండలికి తల కొట్టేసినట్టయింది. హాలును నది వైపు పెంచాలన్నారు. ఇంకో ఆరువందల కుర్చీలు, చిన్న మీటింగులకు మూడు గదులు, భోజనాలకు వేరే హాలు, కూర్చున్నచోటి నుంచే నీళ్లు కనబడేలా అద్దాల గోడ. ప్లాను గీశారు. గీసిందంతా పోయి పోయి పడవల యార్డు మీద పడింది. యార్డు హద్దురాళ్లు వరదలో కొట్టుకుపోయాయి, కాగితాలూ పోయాయి. ఆఫీసు మ్యాపులో అది ఉత్త ఖాళీ జాగా.

మండలి కార్యదర్శి మెత్తటి మనిషి. చీమను కూడా "ఏవండీ" అని పిలిచే రకం. ఒకరోజు కుర్చీలాయన్ని గదిలోకి పిలిచాడు.

"పెద్దాయనా, పై నుంచి ముగ్గురు వస్తున్నారు. గీతలు చూపిస్తే వాళ్లకేం తెలుస్తుంది? ఆ యార్డులో ఆరువందల కుర్చీలూ వేసి చూపించు. కొత్త హాలు ఎంతుంటుందో కళ్లకు కట్టినట్టుండాలి."

"యార్డులోనా?"

"ఊరికే. చూసి పోతారు, అంతే."

అక్కడ ఇంకో ప్రశ్న అడగాల్సింది. అడగలేదు. ప్లాను గీయడాలు చాలా చూశాడు, అన్నీ బీరువాల్లోనే ఉండిపోయాయి. ఇంకోమాట కూడా ఉంది. ఆరువందల కుర్చీలు ఒక్కసారి వేయడం అతని జన్మలో లేదు. ఆ ఆశ లోపల కితకితలు పెట్టింది.

గురువారం తెల్లవారుతూనే హాలు కుర్చీలు, బడి నుంచి తెచ్చినవి, అద్దెవి, అన్నీ యార్డులోకి దించాడు. పడవలు తప్పించుకుంటూ వరసలు వేశాడు. అన్న ఉలి పక్కన పెట్టి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఏంట్రా, నా పడవలకు పాఠాలు చెప్పిస్తావా?"

"చూసి పోతారంట."

"ఎవరు?"

"పైవాళ్లు."

"ఏం చూస్తారు?"

"కుర్చీలు."

"కుర్చీలు చూడటానికి అంతదూరం నుంచి వస్తున్నారా! పాపం, వాళ్ల కొంపల్లో లేవు కాబోలు."

యార్డంతా గొల్లున నవ్వింది. కుర్చీలాయన కూడా నవ్వాడు. వరసలు పూర్తయ్యేసరికి ఎండెక్కింది. ఖాళీ వరసలు చూస్తే అతనికి చెయ్యి ఊరుకోదు. మనుషుల్ని కూర్చోబెట్టి చూడందే అది పని కాదు.

"కూర్చోండి" అన్నాడు.

అంతే. తారు చేతులతో, రంపపు పొట్టు తలలతో, ఆడా మగా, ముసలీ ముతకా వచ్చి కూర్చున్నారు. వదిన మొదటి వరసలో కాలు మీద కాలేసుకుంది. "ఎవరక్కడ? మేడమ్‌కి టీ పట్రండి!" అంది. అతను వంగని కాలు ఈడ్చుకుంటూ బోర్లించిన పడవ మీదికెక్కి నిలబడ్డాడు.

"వెనక వరసకు కనబడుతోందా? కనబడితే చెయ్యెత్తండి."

అందరూ ఎత్తారు. అన్న రెండు చేతులూ ఎత్తాడు. "కనబడుతోందిరా నీ మొహం! చూసి చూసి చచ్చాం, కొత్తగా చూపించేదేముంది?" అని అరిచాడు. మళ్లీ నవ్వులు. గోడ దగ్గర నిచ్చెన వేసుకుని మండలి ఫొటోగ్రాఫరు నిలబడి ఉన్నాడు. కింద నిచ్చెన పట్టుకున్నది కార్యదర్శే. క్లిక్కుమన్న చప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

పైవాళ్లు ఆ రోజు రాలేదు. వాయిదా పడిందన్నారు. కుర్చీలు మళ్లీ లోపలికి మోశాడు.

పన్నెండో రోజు యార్డు గేటుకు నోటీసు అంటించారు. అలాంటిదే హాలు గేటుకూ అంటించారు. సగం కాగితం ఫొటోనే. వరసల్లో కూర్చుని చేతులెత్తిన జనం. నడుమ అన్న, రెండు చేతులూ పైకెత్తి, పళ్లన్నీ బయటపెట్టి. కుర్చీలాయన మూడో తరగతి దాకా చదివినవాడు. వేలు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు. బహిరంగ సభ జరిపినారు. జాగా ఖాళీ చేయుటకు యార్డు వారందరూ చేతులెత్తి ఏకగ్రీవముగా ఒప్పుకున్నారు. వారం రోజులు గడువు.

 చదవడం అవగానే యార్డులోకి నడిచాడు.

ఎవరూ పలకరించలేదు. అన్న కొత్త పడవ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు, చేతిలో చెక్కసుత్తి. తమ్ముణ్ణి చూసి మెల్లగా లేచాడు.

"నా చేత రెండు చేతులూ ఎత్తించావు కదరా." గొంతు చల్లగా ఉంది. ఆ చల్లదనం చూసే వదిన పరుగెత్తుకొచ్చింది.

"అది... కనబడుతోందా అని..."

"కనబడుతోంది. ఇప్పుడు బ్రహ్మాండంగా కనబడుతోంది."

చెంప మీద పడ్డ దెబ్బకు కుర్చీలాయన చెవిలో గుయ్యిమంది. రెండోది మూతి మీద పడింది. వెనక్కి తూలి పడవ అంచు మీద వాలాడు. వంగని కాలితో లేవలేడు, అందుకని ఎడమచేత్తో అంచు పట్టుకున్నాడు. అన్న సుత్తి ఎత్తి ఆ చేతి మీద దించాడు. ఎండుపుల్ల విరిచినట్టు చప్పుడైంది. చెయ్యి తీసుకునే లోపల ఇంకోసారి దించాడు. వేళ్ల గోళ్లకింద నుంచి నెత్తురు చెక్కల సందులోకి, అప్పుడే కూరిన తెల్లటి నారలోకి పాకింది.

"చంపేస్తావా మనిషిని!" వదిన మొగుడి నడుం పట్టుకుని వెనక్కి లాగింది.

"ఆ రోజు జుట్టు వదిలేసి ఉంటే వీడొక్కడే పోయేవాడు" అన్నాడు అన్న, రొప్పుతూ. "ఇవాళ పదహారు కొంపలు పోతున్నాయి. ఏం ఇస్తామన్నారురా నీకు? ఏం ఇస్తామన్నారు?"

నోరు విప్పి నాలుగు మాటలు చెబితే చాలు. నేను అడిగింది వరసల కోసం అంటే చాలు. ఆ నాలుగు మాటలూ నెత్తుటితో కలిసి గొంతులోనే ఉండిపోయాయి. యార్డు ఆడవాళ్లు ఇద్దరు ఉమ్మేశారు. అతను చెయ్యి చంకలో పెట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ గేటు దాటాడు.

ఆసుపత్రిలో కట్టుకట్టే ఆమె, "ఎలా విరిగాయి?" అని అడిగింది.

"కుర్చీల మధ్య పడి."

"ఇంత బరువు కుర్చీలా!"



కట్టుచేత్తోనే పోయి కార్యదర్శి బల్ల ముందు నిలబడ్డాడు. కార్యదర్శి కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

"వాళ్లు చేతులెత్తారా లేదా?" అన్నాడు కార్యదర్శి, అంతే మెత్తగా.

"ఎత్తారు."

"మరి నేను అబద్ధం రాశానా?"

"ఎందుకెత్తారో..."

"ఫొటోలో చేతులు పడతాయి పెద్దాయనా. ఎందుకెత్తారో పడదు." అని కాగితాలు సర్దుకున్నాడు. "శనివారం పైవాళ్లు వస్తున్నారు. మూడువందల ఇరవై కుర్చీలూ నిండాలి. ఒంటిచేత్తో వెయ్యగలవా, వేరేవాణ్ణి చూసుకోమంటావా?"

"వేస్తాను."

గడువు వారమన్నారు గానీ వారం ఆగలేదు. గురువారం పొద్దున్నే కాంట్రాక్టరు మనుషులు పాతికమంది దిగారు. పైవాళ్లు వచ్చేసరికి జాగా నిజంగానే ఖాళీగా కనబడాలి కదా. వాళ్ల మేస్త్రీని అందరూ గునపం అని పిలుస్తారు. ఊతకర్రలా ఎప్పుడూ ఒక గునపం నేల మీద పొడుచుకుంటూ నడుస్తాడు. అతనికి ఇంకో పేరుందో లేదో ఆ మనుషులకే తెలియదు.

కుర్చీలాయన హాలులో వరసలు వేస్తున్నాడు. కిటికీలోంచి చెక్క పగిలే చప్పుడొచ్చింది. పడవ పగిలితే చప్పుడు ఎలా ఉంటుందో అతనికి చెప్పక్కర్లేదు. కిటికీ దగ్గరికి పోయి చూశాడు.

గొడ్డళ్లతో బోర్లించిన పడవల వీపులు చీలుస్తున్నారు. ఒక కొట్టం అప్పటికే కూలింది. రేకుల కింద నుంచి ముసలామె ఒకతె చేతుల మీద పాకుతూ బయటికి వస్తోంది, ఒక చెవి తెగి మెడ మీద వేలాడుతోంది. తారు డ్రమ్ము దగ్గర వదిన నిలబడి ఉంది. మీదికొచ్చిన వాడి కాళ్ల మీద కాగే తారు ముంతతో చిమ్మింది. వాడి కేక హాలు గోడలకు తగిలి మళ్లీ వినిపించింది. వాడు తారును గోక్కుంటే తోలు ఊడొచ్చింది. ఇంకొకడు వెనక నుంచి వచ్చి ఆమె జడ పట్టి నేలకేసి కొట్టాడు.

అన్న కొత్త పడవకు అడ్డంగా నిలబడ్డాడు. కుడిచేతిలో చెక్కసుత్తి. ఒకడి మోచిప్ప పగలగొట్టాడు, ఇంకొకడి భుజం. దగ్గరికి రావడానికి జంకి మిగతావాళ్లు ఆగారు. అప్పుడు గునపం తాపీగా వచ్చాడు. దారిలో అడ్డమొచ్చిన కర్రను తీసి పక్కన పడేసినట్టు, తన గునపం ఎత్తి అన్న మోచేతి మీద ఒక్కటేశాడు. ఎముక చొక్కాలోంచి బయటికొచ్చింది. సుత్తి జారిపడింది. పడ్డవాణ్ణి నలుగురు కలిసి తన్నారు. తర్వాత పడవను పగలగొట్టారు.

కిటికీకి కమ్మీలున్నాయి. తలుపుకేసి పరుగెత్తాడు. పరుగెత్తాడని అనడమే, వంగని కాలితో అది పరుగు కాదు. హాలు చుట్టి, వీధి దాటి, యార్డు గేటు దగ్గరికి చేరేసరికి అంతా అయిపోయింది. కాంట్రాక్టరు మనుషులు సామాను సర్దుకుంటున్నారు. అన్న నేల మీద పడున్నాడు. తల వదిన ఒళ్లో ఉంది. ఆమె నుదురు చిట్లి నెత్తురు అతని మొహం మీద బొట్లు బొట్లుగా పడుతోంది. తమ్ముణ్ణి చూసి అన్న పెదాలు కదిపాడు.

"వచ్చావా? కుర్చీ తెచ్చుకున్నావా, కూర్చుని చూడటానికి?"

సుత్తి దెబ్బ తగిలినప్పుడు కూడా కుర్చీలాయనకు అంత నొప్పి పుట్టలేదు.

శనివారం పొద్దున్న హాలు తెరిచి మూడువందల ఇరవై కుర్చీలూ సరిచూశాడు. పని అయ్యాక విరిగిన ఇనపకుర్చీ ఒకటి తీసి, దాని కాలు ఊడదీశాడు. మూరెడు ఇనపగొట్టం. చొక్కా లోపల, నడుముకు పెట్టుకున్నాడు. కార్యదర్శి వేదిక మీదికి వస్తాడు. వచ్చి మైకు ముందు నిలబడతాడు. వెనక నుంచి పోయి నెత్తి మీద కొట్టాలి. ఒక్క దెబ్బకు పగలకపోతే రెండోది. ఆ తర్వాత ఏమవుతుందో అతను ఆలోచించలేదు.

హాలు నిండింది. హోటళ్లవాళ్లు, బస్సులవాళ్లు, వ్యాపారులు, మండలి సభ్యులు. వేదిక మీద పై నుంచి వచ్చిన ముగ్గురు. వాళ్లలో పెద్ద, తెల్లజుట్టు మేడమ్. బల్ల మీద తెల్లగుడ్డ, నీళ్ల గ్లాసులు, పక్కన అట్టముక్కలతో చేసిన కొత్త హాలు బొమ్మ. బొమ్మలో యార్డు లేదు. ఆ చోట పచ్చరంగు పూశారు. గునపం పక్క తలుపు దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆ రోజు చేతిలో గునపం లేదు.

కార్యదర్శి లేచాడు. కుర్చీలాయన వేదికెక్కాడు. అతను ఎక్కడం మామూలే కనక ఎవరికీ అనుమానం రాలేదు. కార్యదర్శి కూడా పక్కకు తప్పుకుని, "కానీ పెద్దాయనా, త్వరగా" అన్నాడు. కార్యదర్శి మెడ అతనికి రెండు బారల దూరంలో ఉంది. చెయ్యి చొక్కాలోకి పోయింది. ఎదురుగా నిండిన వరసలు కనిపించాయి. నోరు తనంతట తను తెరుచుకుంది. ఏళ్ల అలవాటు.

"వెనక వరసకు కనబడుతోందా? కనబడితే చెయ్యెత్తండి."

మూడువందల చేతులు లేచాయి. వేదిక మీదివాళ్లు కూడా నవ్వుతూ ఎత్తారు. కార్యదర్శి కూడా ఎత్తాడు. మూల నుంచి ఫొటోగ్రాఫరు, అతనిదీ అలవాటే, క్లిక్కుమనిపించాడు.

ఆ చప్పుడు విని కుర్చీలాయన ఆగిపోయాడు. చొక్కాలోంచి చెయ్యి బయటికి తీశాడు.

"దించకండి" అన్నాడు.

జనం అయోమయంగా చూశారు.

"మీ ఇళ్లన్నీ ఎల్లుండి పడగొడతారు. మీరే ఒప్పుకున్నారు. చేతులెత్తారు, ఫొటో కూడా పడింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. చేతులు ఒకటొకటిగా దిగాయి.

"ఏమంటున్నారు ఆయన?" అంది తెల్లజుట్టు మేడమ్.

"ఏదో మతి చలించి..." కార్యదర్శి గునపం వైపు కళ్లెగరేశాడు.

"మతి బాగానే ఉందమ్మా" అన్నాడు కుర్చీలాయన. జన్మలో అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. "యార్డువాళ్లు చేతులెత్తిందీ ఇందుకే. వెనక వరసకు కనబడుతోందా అని నేనడిగాను. జాగా ఇస్తారా అని ఎవరూ అడగలేదు. కుర్చీలు నేనే వేశాను. మొన్న వీళ్లు పోయి మా అన్న చెయ్యి విరిచారు. ముసలామె చెవి తెగింది. వెనక కిటికీ తీసి చూడండి, తెలుస్తుంది. నేను మాట్లాడాల్సిన రోజున మాట్లాడలేదు. అందుకని ఇప్పుడు..."

గునపం అప్పటికే వచ్చి చొక్కా పట్టి లాగాడు. లోపలి ఇనపగొట్టం జారి వేదిక మీద ఖంగుమని పడింది. "గొట్టాలు కూడా తెచ్చావా ముసలోడా!" అని గునపం అతని కట్టుచేతిని పట్టుకుని మెలితిప్పాడు. అతుక్కోబోతున్న ఎముకలు మళ్లీ విరిగాయి. కళ్ల ముందు తెల్లగా మెరిసింది. గునపం వంగి గొట్టం అందుకోబోయాడు. కుర్చీలాయన కుడిచేతికి పక్కనున్న మడతకుర్చీ దొరికింది. కుర్చీని ఒంటిచేత్తో ఎలా ఎత్తాలో అతనికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? అంచుతో మూతి మీద కొట్టాడు. పళ్లు తెల్లగుడ్డ మీద చిందాయి. రెండోది దవడ మీద. దవడ పక్కకు జారింది. గునపం మోకాళ్ల మీద కూలి, చేతులు అడ్డం పెట్టుకుని, నెత్తుటి బుడగల్లోంచి ఏదో అన్నాడు. వద్దన్నాడేమో. మూడో దెబ్బ అక్కర్లేదు. అయినా కొట్టాడు.

జనం కుర్చీలు తోసుకుంటూ తలుపుల మీద పడ్డారు. అతను వేసిన వరసలన్నీ చెల్లాచెదురయ్యాయి. అట్టముక్కల హాలు ఎవరి కాలి కిందో నలిగింది. తెల్లజుట్టు మేడమ్ మాత్రం కదల్లేదు. మొహం పాలిపోయింది గానీ లేచి నేరుగా పోయి వెనక కిటికీ తీసింది. చాలాసేపు అటే చూసింది. తిరిగొచ్చి ఫైలు మూసింది.

"మళ్లీ విచారణ జరిగేదాకా ఆ యార్డులో చెక్కముక్క కదలకూడదు" అంది కార్యదర్శితో. "ఆ ఫొటో, ఇప్పుడు తీసిన ఫొటో, రెండూ నాకు కావాలి." కుర్చీలాయన వైపు చూసి, "పోలీసుల్ని పిలవండి" అని కూడా అంది. అతను కుర్చీ దించి, మడత సరిగా పెట్టి, గోడకు ఆనించి నిలబడ్డాడు.

స్టేషన్‌లో చేతికి కట్టు కట్టించారు, కాగితాలు రాసుకున్నారు, సాయంత్రానికి వదిలారు. కేసు ఉంటుందన్నారు. మండలి నుంచి మనిషి వచ్చి హాలు తాళంచెవులు తీసుకుపోయాడు. బయటికొచ్చేసరికి వదిన అరుగు మీద కూర్చుని ఉంది. నుదుటి మీద కుట్లు.

"హాల్లో నువ్వన్నదంతా విన్నాను, మీ అన్నకు చెప్పాను" అంది.

అతను తల వంచుకున్నాడు.

"ఏమన్నాడని అడగవేం? మాట బయటికి రావడానికి మళ్లీ పట్టకారు తేవాలా?"

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు." అరుగు దిగుతూ, "తిండి మాత్రం తిన్నాడు, మూడు రోజుల తర్వాత" అంది.

మర్నాడు పొద్దున్న, పనివేళకు, కుర్చీలాయన యార్డుకు వెళ్లాడు. గేటుకు నోటీసు ఇంకా ఉంది, ఫొటో సగం చినిగి. చీలిన పడవల మధ్య నుంచి నడిచాడు. ఎవరూ పలకరించలేదు. ఎవరూ ఉమ్మలేదు కూడా.

అన్న కొత్త పడవ దగ్గరే ఉన్నాడు. పగిలిన చెక్కలు మార్చి వేశారు గానీ సందులు ఇంకా కూరలేదు. అతని కుడిచెయ్యి మెడకు వేలాడుతోంది. ఎడమచేత్తో సుత్తి పట్టుకున్నాడు. ఉలిని పాదాల మధ్య ఇరికించి నిలబెట్టబోతే అది మాటిమాటికీ పక్కకు ఒరిగిపోతోంది. ఒకసారి జారి బొటనవేలు చీరింది. బూతులు తిట్టుకుంటున్నాడు.

కుర్చీలాయన గొంతుక్కూర్చోలేడు. వంగని కాలు బారచాపి, తారు మరకల నేల మీద అలాగే కూలబడ్డాడు. సందులో నార పోగు పెట్టాడు. అన్న పాదాల మధ్య నుంచి ఉలి తీసుకుని, మంచి చేత్తో, సందు మీద నిలబెట్టి పట్టుకున్నాడు.

అన్న చూశాడు. ఆ చేతికి జానెడు దూరంలో, పడవ అంచు మీద, ఐదారు రోజుల నాటి నెత్తురు నల్లగా ఎండి ఉంది.

"తీసెయ్యరా. ఎడమచెయ్యి నాది, గురి కుదరదు. తగులుతుంది."

"ఈ చేతికింకా ఐదున్నాయిగా" అన్నాడు కుర్చీలాయన.

చెయ్యి తియ్యలేదు. అన్న సుత్తి ఎత్తాడు.